దుకాణంలో దొరకని సినిమాలు

హైదరాబాదుకు పడమటి దిక్కున ఉన్న తెల్లాపూర్‌లో ఇప్పుడు ఆకాశాన్నంటే మేడలు వరుస కట్టాయి. హైటెక్ సిటీ కంపెనీల్లో పనిచేసేవాళ్ళెందరో అక్కడ కాపురం ఉంటున్నారు. ఏ అంతస్తులో ఉన్నా సరే, సన్నని గాజు తీగలో పరుగెత్తే కాంతి మూడు గంటల సినిమాను నిమిషాల్లో ఇంటికి చేరవేస్తుంది. అక్కడ కూర్చొని, మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కావాలని అడిగి చూడండి. రాదు. హెచ్.ఎం. రెడ్డి తీయగా 1932లో విడుదలైన ఆ చిత్రం ప్రతి ఒక్కటీ మిగల్లేదు. అంతకు సుమారు పదేళ్ళ ముందు రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ తీసిన మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ గతీ అంతే.

కంప్యూటర్‌లో అన్నీ ఉంటాయనీ, అక్కడ లేనిదానికి విలువ లేదనీ మీలో చాలామంది అనుకుంటూ ఉండవచ్చు. నిజానికి ఎవరో ఒకరు దాచి, తెచ్చి పెట్టినవే అక్కడ ఉంటాయి. పాత సినిమా ఇంటర్నెట్ దుకాణానికి చేరాలంటే రెండు గడపలు దాటాలి. ఒకటి, ఫిల్ము బతికి ఉండాలి. రెండు, అది ఎవరి సొత్తో తేలాలి.

ముందు ఫిల్ము సంగతి చూద్దాం. 1950 ప్రాంతం వరకు సినిమా ఫిల్మును సెల్యులోజ్ నైట్రేటుతో చేసేవారు. దూదిని నత్రికామ్లంతో కలిపి చేసే తుపాకి దూదికి ఇది దగ్గర చుట్టం. మండటానికి కావలసిన ఆక్సిజన్ దీనిలోనే ఉంటుంది. అందుచేత ఒకసారి అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. 2003 జనవరిలో పుణెలో నైట్రేటు ఫిల్ములు దాచిన గదికి నిప్పంటుకొని ఎన్నో పాత రీళ్ళు బూడిదయ్యాయి.

తరువాత వచ్చిన సెల్యులోజ్ ఎసిటేటు అంత సులువుగా అంటుకోదు. కాని వేడికీ తేమకీ మెల్లగా విడిపోయి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. వెనిగర్‌లో ఉండేది ఈ ఆమ్లమే. అలా పుట్టిన ఆమ్లం మిగతా ఫిల్మును మరింత త్వరగా చెడగొడుతుంది. డబ్బా మూత తీయగానే పుల్లని వాసన కొట్టిందంటే రోగం పట్టిందన్నమాట. ఇవి చాలనట్లు, నలుపు తెలుపు ఫిల్ములో బొమ్మ ఏర్పడేది వెండి రేణువులతో. ఆడటం మానేసిన సినిమాల రీళ్ళను ఆ వెండి కోసమే కరిగించినవాళ్ళూ ఉన్నారు.

ఫిల్ము బతికి ఉన్నా పని తేలిక కాదు. సెకనుకు 24 బొమ్మల చొప్పున మూడు గంటల సినిమాలో ఎన్ని ఉంటాయో లెక్క కట్టండి. 2,59,200! ప్రతి బొమ్మనూ స్కాన్ చేసి, గీతలూ మచ్చలూ తుడవాలి. 1957 నాటి ‘మాయాబజార్’ను హైదరాబాదు కంపెనీ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఇలాగే బాగుచేసి, రంగులద్ది 2010లో విడుదల చేసింది. ప్రింటు బాగా పాడైనందువల్ల కొంత భాగం వదిలేయక తప్పలేదు. మరికొన్ని పాత చిత్రాలకూ రంగులద్దాలని ఆ కంపెనీ తలపెట్టింది గాని, హక్కుల చిక్కుల వల్ల వెనుకాడింది.

ఆ చిక్కులేమిటి? మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు, విడుదలైన సంవత్సరం తరువాత 60 ఏళ్ళు ఉంటుంది. ‘మాయాబజార్’కు ఆ గడువు 2017తో ముగిసింది. కాని పాటల హక్కు లెక్క వేరు. రాసినవారు మరణించిన సంవత్సరం తరువాత 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు గనుక ఆయన పాటల గడువు 2031 దాకా ఉంది. ఇక గడువు తీరని చిత్రాల సంగతి? తీసిన సంస్థ మూతపడి ఉండవచ్చు. హక్కు వారసుల మధ్య ముక్కలై ఉండవచ్చు. ఆ రోజుల ఒప్పంద పత్రాల్లో ఇంటర్నెట్ ఊసే లేదు. రేపు ఎవరు కోర్టుకు వెళతారోనని దుకాణదారుడు ఆ చిత్రం జోలికే పోడు.

దీనికి మందు చట్టమే అని నా అభిప్రాయం. పుస్తకం అచ్చువేసినవారు ఒక ప్రతిని కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954లోనే చట్టం చేశారు. సినిమాకు అలాంటి నిర్బంధం లేదు. పుణెలో 1964లో నెలకొన్న జాతీయ ఫిల్ము భాండాగారం వెతికి, అడిగి తెచ్చుకోవలసిందే. సెన్సారైన ప్రతి చిత్రం ప్రతి ఒకటి అక్కడ చేరాలి. నిర్మాతలు అది తమ సొత్తు అంటారు. నిజమే. ప్రతిని భద్రపరచడమంటే హక్కు వదులుకోవడం కాదు. పుస్తకం పంపినవాడు దాన్ని అమ్ముకుంటూనే ఉన్నాడు కదా!

పాత సినిమాలు ఎవరు చూస్తారంటారా? 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఆయన చిత్రాలు పదింటిని 31 ఊళ్ళ థియేటర్లలో వేశారు. వాటిలో 1953 నాటి ‘దేవదాసు’ ఉంది. దాచిన ప్రతి ఉండబట్టే అది మళ్ళీ తెర మీదికి వచ్చింది.

మీరూ ఒక పని చేయవచ్చు. మీ ఊరి పాత సినిమా హాలులోనో, తాతగారి అటక మీదనో ఫిల్ము డబ్బా కనబడితే రీలు విప్పకండి, ఎండలో పెట్టకండి, నిప్పు దగ్గరికి తేకండి, పాత సామాన్లవాడికి వేయకండి. డబ్బా మీద ఉన్న పేరు రాసుకొని మీ మాస్టారి చేత పుణె భాండాగారానికి ఉత్తరం రాయించండి. ఎవరూ అక్కర్లేదనుకున్న ఆ డబ్బాలో ఉన్నది లోకంలో మిగిలిన ఒకే ఒక ప్రతి కావచ్చు.