జాబితా పోలీసుల దగ్గర ఉంది, ప్రశ్న మన దగ్గర ఉంది



శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు తక్కువేం కాదు. మనవల్ని చూసుకోవడానికి ఆరు నెలలు వెళ్లివచ్చిన నానమ్మలు, అమ్మమ్మలు ఒక సంగతి వింతగా చెబుతుంటారు. అక్కడ ఇల్లు చూసుకునే ముందు, ఆ వీధిలో లైంగిక నేరాల్లో శిక్ష పడినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో ఫోనులో వెతుక్కుంటారట. పేరు, ఫొటో, చిరునామా అన్నీ కనిపిస్తాయట. అది విన్న ఏ తల్లికైనా వచ్చే ప్రశ్న ఒకటే: "మనకెందుకు లేదు?"

నిజానికి మనకూ ఒక జాబితా ఉంది. 2018 సెప్టెంబరు 20న కేంద్ర హోం శాఖ లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్‌ను ప్రారంభించింది. జాతీయ నేర గణాంక సంస్థ దాన్ని నిర్వహిస్తోంది. అత్యాచారం, పోక్సో వంటి కేసుల్లో నేరం రుజువై శిక్ష పడినవారి వివరాలు అందులో ఉంటాయి. ప్రారంభించిన రోజుకే 4.4 లక్షల నమోదులు ఉన్నాయి. అయితే దాన్ని చూసే అధికారం పోలీసులకు, దర్యాప్తు సంస్థలకు మాత్రమే. మీకూ నాకూ కనిపించదు.

అమెరికా పద్ధతి వేరు. 1994లో న్యూజెర్సీలో ఏడేళ్ల పాపను ఎదురింట్లో ఉన్న పాత నేరస్థుడే బలి తీసుకున్నాడు. అతని గతం ఆ తల్లిదండ్రులకు తెలియదు. ఆ దుఃఖం నుంచి పుట్టిన చట్టం 1996లో దేశమంతటికీ వచ్చింది. శిక్ష పడినవాడు తనే వెళ్లి పేరు నమోదు చేసుకోవాలి, ఇల్లు మారినా ఉద్యోగం మారినా చెప్పాలి. 2006 నాటి మరో చట్టం ప్రకారం ఈ బాధ్యత నేరాన్నిబట్టి 15 ఏళ్లు, 25 ఏళ్లు, లేదా జీవితాంతం.

మన రాష్ట్రమూ ఆ దారిలో ఒక అడుగు వేసింది. 2019 డిసెంబరు 13న శాసనసభ ఆమోదించిన దిశ బిల్లులో, మహిళలు, పిల్లలపై నేరాలు చేసినవారి రిజిస్టరును ప్రజలందరికీ అందుబాటులో పెట్టాలని ఉంది. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. అది చట్టం కాలేదు.

బహిరంగ జాబితా రావాలని కోరేవారి భయం నాకు అర్థమవుతుంది. అయినా అది మన పిల్లల్ని కాపాడుతుందని నేను అనుకోను. రెండు కారణాలు చెబుతాను.

మొదటిది. జాతీయ నేర గణాంకాలు ఏటా ఒకే మాట చెబుతున్నాయి. పిల్లలపై అత్యాచారాల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు ఆ బిడ్డకు తెలిసినవాళ్లే. బంధువు, పొరుగింటివాడు, ట్యూషన్ చెప్పేవాడు, రోజూ బండిలో దించేవాడు. మనం ఫోనులో వెతికేది ముక్కూమొహం తెలియని మనిషి కోసం. ప్రమాదం మాత్రం మనం "అన్నయ్యా" అని పిలిచి కాఫీ ఇచ్చే మనిషి దగ్గర ఉండవచ్చు. న్యూజెర్సీలోనే ఆ చట్టంపై 2008లో వెలువడిన ఒక అధ్యయనం, దానివల్ల మళ్లీ నేరాలు తగ్గినట్టు రుజువు కనిపించలేదని తేల్చింది.

రెండోది మన ఊళ్లకు సంబంధించింది. పోక్సో చట్టం బిడ్డ పేరు, ఇల్లు, బడి, కుటుంబం ఏదీ బయటపెట్టకూడదంటుంది. మన వీధుల్లో ఒక చిన్నాన్న పేరు, ఫొటో జాబితాలో పడితే, ఆ పాప ఎవరో ఊరికి చెప్పక్కర్లేదు. ఆ భయంతోనే ఇంట్లోవాళ్లు అసలు ఫిర్యాదే చేయరు.

ఇంగ్లండ్, వేల్స్‌లో మధ్యేమార్గం ఒకటి ఉంది. 2008లో కొన్ని ప్రాంతాల్లో మొదలై, 2011 నాటికి అంతటా వచ్చింది. జాబితా బయట పెట్టరు. కానీ నా బిడ్డతో మెలిగే ఫలానా వ్యక్తి గురించి పోలీసులను అడిగే హక్కు నాకుంటుంది. నిజంగా ప్రమాదం ఉందనిపిస్తే, బిడ్డను కాపాడగలిగిన వారికి మాత్రమే రహస్యంగా చెబుతారు. మనం ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇలాంటి హక్కు అని నా అభిప్రాయం.

అది వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 2020 పోక్సో నిబంధనల ప్రకారం పిల్లలతో మెలిగే ప్రతి సంస్థ తన సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. బడి, క్రెష్, ఆటల అకాడమీ ఏదైనా సరే. టీచర్లే కాదు, ఆయాలు, కాంట్రాక్టు సిబ్బంది కూడా. ఒకసారి చేసి వదిలేయడం కాదు, ఎప్పటికప్పుడు చేయించాలి. మనం చూడలేని ఆ డేటాబేస్‌ను మన తరఫున పోలీసులు చూసే దారి ఇదే.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. జాబితాలో ఉండేది శిక్ష పడినవాడు మాత్రమే. కేసే పెట్టకపోతే? పెద్దల సమక్షంలో రాజీ కుదిర్చి, డబ్బు ముట్టజెప్పి, "ఆడపిల్ల జీవితం" అని నోరు మూయిస్తే? ఒక బడిలో తప్పుగా ప్రవర్తించిన మనిషిని, బడి పేరు పోతుందని, గొడవ లేకుండా రాజీనామా చేయించి పంపేస్తే, అతను వచ్చే జూన్‌లో ఇరవై కిలోమీటర్ల దూరంలో మరో బడిలో చేరతాడు. వెరిఫికేషన్‌లో అతని కాగితం శుభ్రంగానే ఉంటుంది. దాన్ని అలా ఉంచింది మనమే. ఈ మాట తల్లిదండ్రులకు ఎంత వర్తిస్తుందో, మన బడితో సహా ప్రతి బడి యాజమాన్యానికీ అంతే వర్తిస్తుంది.

చట్టం ఈ మౌనాన్ని కూడా నేరమే అంటుంది. తెలిసి చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడు చేసిన నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది వరకు. మంచి ఉద్దేశంతో చెప్పినవారికి రక్షణ ఉంది. బిడ్డను స్టేషన్‌కు తిప్పక్కర్లేదు. ఇంటి దగ్గరే, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సై వాంగ్మూలం తీసుకోవాలి. 1098 లేదా 112కి ఒక్క ఫోను చాలు.

కాబట్టి వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగాక, ఇవి కూడా అడగండి:

• వ్యాను డ్రైవర్లు, క్లీనర్లు, ఆయాలు, వాచ్‌మెన్లతో సహా అందరికీ పోలీసు వెరిఫికేషన్ చివరిసారి ఎప్పుడు జరిగింది?
• కొత్తగా చేరినవారు పాత బడి ఎందుకు మానేశారో ఫోను చేసి కనుక్కున్నారా?
• పిల్లలు ఫిర్యాదు చెప్పుకోవాలంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఆ పేరు పిల్లలకు తెలుసా?
• ట్యూషన్, డ్యాన్సు, క్రికెట్ కోచింగ్ నడిపేవారినీ ఇవే ప్రశ్నలు అడిగామా?

అడిగితే ఎవరో నొచ్చుకుంటారని మొహమాట పడకండి. శుభ్రంగా ఉన్నవాడు కాగితం చూపించడానికి వెనకాడడు.

ఇంటికి వెళ్లాక మరో పని. "ఫలానా మావయ్య దగ్గరికి వెళ్లను" అని బిడ్డ అంటే, "తప్పమ్మా, పెద్దవాళ్లు" అని తోసేయకండి. పక్కన కూర్చుని, ఎందుకు అని మెల్లగా అడగండి. ఏ డేటాబేస్‌లోనూ లేని పేరు ఆ బిడ్డ నోటి నుంచే మొదట వస్తుంది. అది వినే మనిషి ఆ ఇంట్లో ఉండాలి.