గుండె ఆగినా రక్తము ఆగదు

సంపాదకులు గారికి,



గుండె ఆపరేషను అనగానే మన కుటుంబాలలో ముందుగా వినవచ్చే మాట "గుండెను ఆపేస్తారట" అన్నదే. ఆ మాట చాలవరకు నిజమే. కాని గుండె ఆగినా రక్తము ఆగదన్న రెండవ మాట ఎవరూ చెప్పరు. అది తెలియనందువల్ల కలుగుతున్న నష్టమును గూర్చి నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

మా నల్లంపల్లిలో ఒక పిల్లకు గుండె గదుల నడిమి గోడలో రంధ్రమున్నదనీ, ఆపరేషను చేసి మూయవలెననీ వైద్యులు చెప్పి రెండేండ్లయినది. పిల్ల అవ్వ ఒప్పుకోదు. "ఆపిన గుండె మళ్ళీ కొట్టుకుంటుందని ఏమి నమ్మకము?" అని ఆమె అడుగుతున్నది. ఇది మూఢనమ్మకము కాదు. పెద్ద పెద్ద వైద్యులు ఏండ్ల తరబడి వేసుకున్న ప్రశ్నే. వారికి జవాబు దొరికినది చాలవరకు కుక్కల వల్లనే.

1950లో కెనడా వైద్యుడు బిగెలో కుక్కలను 20 డిగ్రీల వరకు చల్లబరచి, ఒళ్ళు చల్లబడితే ప్రాణవాయువు అవసరము తగ్గుతుందని చూపినాడు. 1952లో ఇంగ్లండులో ఆండ్రియాసెన్, వాట్సన్ అనేవారు కుక్క గుండెకు రక్తము తెచ్చే రెండు పెద్ద సిరలను బిగించి, ఒక్క చిన్న సిర తెచ్చే కొద్దిపాటి రక్తముతోనే అది అరగంటకు పైగా తట్టుకోగలదని కనుగొన్నారు. అమెరికాలో జాన్ గిబ్బన్ మొదట పిల్లులతోను, పిదప కుక్కలతోను ఇరవై ఏండ్లు పాటుపడి, 1953 మే 6న ఫిలడెల్ఫియాలో 18 ఏండ్ల యువతికి ఇటువంటి రంధ్రమునే మూసినాడు. 26 నిమిషాలు ఆమె గుండె, ఊపిరితిత్తుల పని యావత్తూ యంత్రమే చేసినది.

యంత్రము గుండెకు సాటి అని నేననను. గుండె రక్తమును ఎగదోసి ఎగదోసి పంపుతుంది. యంత్రము సాధారణముగా ఏకధారగా పంపుతుంది. గొట్టాలలో నింపిన ద్రవము కలిసి రక్తము పలచబడుతుంది. గొట్టాల ఒరిపిడికి కొన్ని రక్తకణాలు చితుకుతాయి. సన్నని నాళాల నుండి నీరు ఊరి ముఖము, కాళ్ళు, చేతులు వాస్తాయి. రక్తము గడ్డకట్టకుండ హెపారిన్ ఇచ్చి, పని ముగిసిన పిదప ప్రోటమిన్‌తో దానిని విరుస్తారు. కుక్కలలో మరొక చిక్కు కూడ ఉన్నది. వాటి కాలేయపు సిరలు బిగుసుకొని రక్తము లోపలే నిలిచిపోతుంది, యంత్రానికి తిరిగి వచ్చేది తగ్గుతుంది. మనిషిలో ఇది అంతగా లేదు. కుక్కలో చూచిన ప్రతిదీ మనిషికి వర్తించదని వైద్యులు అలా కూడ నేర్చుకున్నారు.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. కృష్ణగిరి, ఆంబూరు మీదుగా పోతే వచ్చే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోనే 1960ల తొలి ఏండ్లలో డాక్టర్ ఎన్. గోపీనాథ్ ఇటువంటి యంత్రముతో గుండె తెరచి చికిత్స చేసినారు.

కావున నా విన్నపము ఒక్కటే. ఈ ప్రాంతపు రోగులకు చికిత్స చేసే ఆసుపత్రులవారు సంతకము పెట్టించుకొనే ముందు ఈ సంగతులను, అపాయమును దాచకుండ, తమిళములోను తెలుగులోను నోటితో చెప్పించవలెను. కాగితము చాలదు, తరతరాలుగా ఇక్కడ ఉంటున్న మనవారిలో అనేకులకు ఇంటిలో మాట తెలుగు, చదువు తమిళము. వాపు ఎందుకు వచ్చినదో ముందే తెలిసిన తల్లి ఆపరేషను మరునాడు పిల్ల ముఖము చూచి బెంబేలు పడదు.

ఒప్పుకొనడమా, మానడమా అన్నది ఆ ఇంటివారి ఇష్టము. కాని తెలిసి మానడము వేరు, తెలియక మానడము వేరు. ఇన్ని మూగప్రాణుల నొప్పితో సంపాదించిన జ్ఞానము చెప్పేవారు లేక మన గడప బయటే ఆగిపోరాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నల్లంపల్లి, ధర్మపురి జిల్లా