కంటి చుక్కలతో చెలగాటమా?

వర్షాలు మొదలయ్యాయంటే పల్లెల్లో కండ్లకలక బయలుదేరడం కొత్త విషయం కాదు. బడికి వెళ్ళిన పిల్లవాడు ఎర్రబడిన కళ్ళతో ఇంటికి వస్తాడు. నాలుగు రోజులు తిరిగేసరికి తల్లికి, చెల్లెలికి, పక్కింటి వారికి కూడా అంటుకుంటుంది. జువ్వలదిన్నె రేవు నుంచి ఒకే పడవలో వేటకు పోయే మత్స్యకారులైనా, బోగోలు, బిట్రగుంటల నుంచి కిక్కిరిసిన బండ్లలో కావలికి, నెల్లూరుకు ప్రయాణం చేసే వారైనా దీనికి అతీతులు కారు. అయితే ఈ జబ్బు కంటే దీనికి మనం సొంతంగా చేసుకుంటున్న వైద్యమే ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది.

కళ్ళు ఎర్రబడగానే మందుల షాపుకు పోయి "కండ్లకలకకు చుక్కలు ఇవ్వండి" అని అడగడం, ఇచ్చిన సీసా తెచ్చి ఇంటిల్లిపాదీ వేసుకోవడం, మిగిలినది గూట్లో దాచి మరుసటి ఏడు మళ్ళీ వాడడం మన ఇళ్ళలో మామూలైపోయింది. చుక్కల సీసా కుటుంబానికి ఉమ్మడి ఆస్తి అయి కూర్చున్నది. చుక్కలు చిన్నవే కావచ్చు. తప్పుగా వాడితే పోయేది మాత్రం చూపు.

కంటి తెల్లగుడ్డును, రెప్పల లోపలి వైపును కప్పి ఉండే పల్చటి పొర వాచి ఎర్రబడడమే కండ్లకలక. ఇది ప్రధానంగా మూడు విధాలు. బాక్టీరియా వలన వచ్చినప్పుడు పసుపు లేక ఆకుపచ్చ రంగులో చిక్కటి పుసి పడుతుంది. తెల్లవారి లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. వైరస్ వలన వచ్చినప్పుడు ఎక్కువగా నీరు కారుతుంది. తరచు జలుబు, గొంతునొప్పి తోడై ఉంటాయి. దుమ్ము, పుప్పొడి వంటివి పడక వచ్చే మూడో రకంలో దురద ఎక్కువ. అది ఒకరి నుంచి మరొకరికి అంటదు. ఈ గుర్తులు ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి కనుక ఏ రకమో తేల్చవలసింది వైద్యుడే గాని మనం కాదు.

ఈ తేడా తెలుసుకోవడం ఎందుకంటే, యాంటీబయాటిక్ చుక్కలు బాక్టీరియాను మాత్రమే చంపుతాయి. వైరస్ మీద వాటికి ఏ శక్తీ లేదు. ఊళ్ళకు ఊళ్ళను చుట్టబెట్టే కండ్లకలక చాలా వరకు వైరస్ వలన వచ్చేదే. 1969లో ఆఫ్రికాలోని ఘనాలో మొదలై, 1971 నాటికి బెంగాలుకు చేరి అక్కడ "జయ్ బంగ్లా" అని పేరు తెచ్చుకున్న కండ్లకలక అటువంటిదే. 2023 జూలై, ఆగస్టు నెలల్లో మన రాష్ట్రంతో పాటు దేశంలోని పలు ప్రాంతాలలో బడులను, హాస్టళ్ళను కలవరపెట్టినది కూడా ఎక్కువ భాగం వైరస్ కండ్లకలకే. ఇది సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. చల్లని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డ కళ్ళ మీద ఉంచితే ఉపశమనంగా ఉంటుంది. మందు వేసినందువల్ల తగ్గిందని మనం అనుకుంటాం. నిజానికి అది తగ్గే సమయానికి తగ్గింది. అవసరం లేకున్నా యాంటీబయాటిక్ వాడుతూ పోతే, రేపు నిజంగా అవసరమైన నాడు ఆ మందుకు లొంగని క్రిములు తయారవుతాయి.

బాక్టీరియా కండ్లకలక అని వైద్యుడు చెప్పి చుక్కలు రాసి ఇచ్చినప్పుడు వాటిని పద్ధతిగా వాడాలి. మొదట సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన దూదితో పుసి తుడవాలి. ఒకసారి తుడిచిన దూదిని పారవేసి, రెండో కంటికి వేరే దూది తీసుకోవాలి. తల వెనుకకు వాల్చి, కింది రెప్పను వేలితో కొద్దిగా లాగి, ఆ సందులో ఒక్క చుక్క వేయాలి. ఎక్కువ వేసినా కంటిలో నిలవదు, చెంప మీదుగా కారిపోతుంది. సీసా మొన కంటికి గాని, రెప్పకు గాని, వేలికి గాని తగలరాదు. తగిలితే కంటిలోని క్రిములు సీసాలోకి చేరతాయి. తరువాత ఒకటి రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన ఉండే కంటి మూలను వేలితో మెల్లగా నొక్కి ఉంచాలి. రెండు రకాల చుక్కలు రాసి ఉంటే ఒకదానికి మరొకదానికి మధ్య కనీసం అయిదు నిమిషాలు ఆగాలి. మారాం చేసే పసివాడిని వెల్లకిలా పడుకోబెట్టి, కళ్ళు మూసుకున్నా సరే, ముక్కు వైపు మూలలో చుక్క వేసి, కళ్ళు తెరవగానే మందు లోపలికి పోయేట్లు చూడవచ్చు.

ఎర్రదనం తగ్గగానే మందు మానివేయరాదు. వైద్యుడు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులు వేయాలి. రెండు మూడు రోజులు వేసినా గుణం కనిపించకపోతే మళ్ళీ చూపించుకోవాలి. మందు పడక రెప్పలు వాచినా, దురద పెరిగినా వెంటనే ఆపి వైద్యునికి చెప్పాలి. ఒక సీసా ఒక్క మనిషికే. సీలు విప్పిన తేదీని దాని మీద రాసుకుని, నాలుగు వారాలు దాటిన తరువాత మందు మిగిలి ఉన్నా పారవేయాలి. కొన్నిటికి ఇంకా తక్కువ గడువు ఉంటుంది. కొనేటప్పుడే షాపు వారిని అడిగి తెలుసుకోవాలి. ఎండలో నిలిపిన బండి డిక్కీలోనూ, పడవ మీదనూ సీసాను ఉంచరాదు. చెవి చుక్కలు కంటిలో వేయరాదు. ఒకే గూట్లో చెవి మందు, గమ్ము సీసా, కంటి మందు కలిపి ఉంచితే ప్రమాదం ఎంతో దూరంలో ఉండదు.

శుభ్రత గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉన్నది. 2023లో అమెరికాలో, మన దేశం నుంచి ఎగుమతి అయిన ఒక రకం కంటి చుక్కలలో సూడోమొనాస్ అనే బాక్టీరియా చేరిన కారణంగా 18 రాష్ట్రాలలో 81 మంది జబ్బు పడ్డారని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ లెక్క తేల్చింది. వారిలో 14 మంది చూపు కోల్పోయారు, నలుగురు మరణించారు. అక్కడ లోపం తయారీలో జరిగింది. ఇంట్లో సీసా మొన కంటికి తగిలించినా క్రిమి చేరే దారి అదే. సీలు ఊడిన సీసాను, గడువు తీరిన సీసాను షాపులోనే తిప్పి ఇవ్వాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం స్టెరాయిడ్ కలిసిన చుక్కలతో ఉన్నది. యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ కలిపిన చుక్కలు బజారులో ఎన్నో ఉన్నాయి. వాటిని వేయగానే ఎర్రదనం, మంట ఇట్టే తగ్గుతాయి. అందుకే అడిగినవారికీ, ఇచ్చినవారికీ అవంటే మోజు. కాని వైరస్ గాని, బూజు గాని కంటిలో ఉన్నప్పుడు స్టెరాయిడ్ పడితే అది లోలోపల పెచ్చుపెరుగుతుంది. ఎక్కువ కాలం వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు కూడా రావచ్చు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు అవుతుంది.

వరి పండించే మన ప్రాంతానికి ఈ హెచ్చరిక మరీ ముఖ్యం. కోతలప్పుడు, తూర్పార పట్టేటప్పుడు వడ్లగింజో, ఊకో, ఆకు కొసో కంటికి తగులుతుంది. నల్లగుడ్డు మీద గీత పడి, దాని గుండా బూజు లోపలికి పోతుంది. పైకి కనిపించేది ఎర్రదనమే కనుక కండ్లకలక అనుకుని స్టెరాయిడ్ చుక్కలు వేస్తే, కొద్ది రోజుల్లోనే నల్లగుడ్డు పుండై పువ్వు పడుతుంది. ఆ పువ్వు తీయాలంటే కొన్నిసార్లు కన్ను దానం చేసిన మరొకరి నల్లగుడ్డు పొర తెచ్చి అతికించవలసి వస్తుంది. అందుచేత కంటికి ఏదైనా తగిలిన తరువాత వచ్చిన ఎర్రదనాన్ని కండ్లకలకగా ఎన్నడూ లెక్కించరాదు.

కంటిలో గట్టి నొప్పి, చూపు మసకబారడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లని మచ్చ, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా షాపుకు గాక ఆసుపత్రికి పోవాలి. పుట్టి నెల దాటని పసికందుకు కళ్ళలో పుసి పడితే గంటలు లెక్కపెట్టుకుని తీసుకుపోవాలి. ఆలస్యమైతే చూపు దక్కకపోవచ్చు. ముందు దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, వారు చెప్పినట్లు కావలి ఏరియా ఆసుపత్రికో, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికో వెళ్ళాలి.

చనుబాలు పిండడం, ఆముదం వేయడం, ఆకు పసర్లు పోయడం పెద్దలు మంచి మనసుతో చెప్పేవే. కాని వాటి వెంట కొత్త క్రిములు కంటిలోకి చేరవచ్చు. కండ్లకలక వచ్చిన వారి కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందనేది కూడా అపోహే. అది అంటేది చేతుల ద్వారా, తుండుగుడ్డ ద్వారా, దిండు ద్వారా, కాటుక డబ్బా ద్వారా. నల్లద్దాలు వెలుతురు బాధ తగ్గిస్తాయే గాని అంటును ఆపవు. ఎవరి తువ్వాలు వారికి వేరుగా ఉంచడం, కళ్ళు నలపకపోవడం, పిల్లవాడిని పుసి, నీరు కారడం తగ్గేవరకు బడికి పంపకపోవడం, ఇవే అసలైన మందు.

ప్రజలు మారితే చాలదు. వైద్యుని చీటీ లేకుండా యాంటీబయాటిక్, స్టెరాయిడ్ చుక్కలు అమ్మరాదని చట్టం ఉన్నది. దానిని మందుల షాపుల వారు పాటించాలి, ఔషధ నియంత్రణ అధికారులు పాటింపజేయాలి. గ్రామాల్లో తొలి పిలుపుకు పలికే ఆర్.ఎం.పి.లు స్టెరాయిడ్ చుక్కల జోలికి పోకుండా రోగిని ఆసుపత్రికి పంపితే వారి మీద ఊరికి ఉన్న నమ్మకం పెరుగుతుందే గాని తరగదు. సీసా మీద పేర్లు ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలలో ఉంటాయి. చదవలేనివారు "ఇందులో స్టెరాయిడ్ ఉందా?" అని ఒక్క ప్రశ్న అడగాలి, షాపు వారు నిజం చెప్పాలి. వర్షాలకు ముందే ఆరోగ్య కేంద్రాలలో అవసరమైన చుక్కలు నిల్వ ఉంచడం, ఆశా కార్యకర్తల ద్వారా వేసే పద్ధతి ఇంటింటికీ చూపించడం ఆరోగ్య శాఖ బాధ్యత. పనిదినం పోగొట్టుకుని కావలికి పోవలసి వస్తే కూలివాడు షాపు మెట్లే ఎక్కుతాడు. అతనిని తప్పు పట్టే ముందు మందు అతని ఊరికి దగ్గరగా తేవాలి.

కండ్లకలక వారం పది రోజుల్లో పోయేది. దానికోసం జీవితకాలపు చూపును పణంగా పెట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. ఇంట్లో పాత సీసా ఏదైనా ఉంటే దానిని ఈ రోజే పారవేయడం మంచిది.