ఉలి పట్టిన చేతికి ఊరు తెలుస్తుంది

"మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనం కాసేపు ఆలోచించాలి. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి ఇంకొకచోట, ఇప్పుడు జంషెడ్‌పూర్. కొన్నేళ్లకోసారి సామాను లారీ ఎక్కుతుంది. ప్రతి ఊరి నుంచి మన వెంట వచ్చేవి నాలుగు ఫోటోలు, ఒక టి.సి. అంతే. ఉన్న ఊరిని నిజంగా తెలుసుకోవడానికి ఒక మంచి దారి ఉందని మేము నమ్ముతున్నాం. అది ఆ ఊరి చెక్కతో చేతిపని నేర్చుకోవడం.

చెక్కపనిలో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. చెక్కేటప్పుడు చెక్క కదలదు, ఉలి కదులుతుంది. లేత్ మీద చెక్క గిర్రున తిరుగుతుంది, ఉలిని మనం ఆనించి పట్టుకుంటాం. చిలుక, ఏనుగు, గరిటె మొదటి పద్ధతిలో వస్తాయి. బొంగరం, అప్పడాల కర్ర, కుంకుమ భరిణె రెండో పద్ధతిలో వస్తాయి.

తెలుగువాళ్లకు ఈ పని కొత్త కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క బొమ్మలు చేస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆకులు, గింజలు, వేళ్ల నుంచి తీసిన సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. విజయవాడ దగ్గరి కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేస్తారు. ముక్కలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అంకుడు లేత్ మీద నున్నగా తిరుగుతుంది కాబట్టి ఏటికొప్పాక బొమ్మ గుండ్రంగా ఉంటుంది. పొణికి మెత్తన, బాగా తేలిక కాబట్టి కొండపల్లి బొమ్మ చెయ్యి చాస్తుంది, తల ఊపుతుంది. బొమ్మను చూస్తే ఆ ఊరి చెట్టు గుణం తెలిసిపోతుంది.

ఏటికొప్పాక బొమ్మకు మన జార్ఖండ్‌తో కూడా చుట్టరికం ఉంది. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. ఆ లక్క ఒక చిన్న పురుగు కొమ్మల మీద స్రవించే పదార్థం. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల మీద ఆ పురుగును పెంచుతారు. దేశంలో లక్క ఉత్పత్తిలో ముందున్న రాష్ట్రం జార్ఖండే. లక్క పరిశోధన కోసం రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే ఒక సంస్థ పెట్టారు. అమ్మమ్మ ఊరి బొమ్మ మీది మెరుపు ఇక్కడి చెట్ల మీద పుట్టేదేనని మనలో ఎంతమందికి తెలుసు?

జంషెడ్‌పూర్‌లో చెక్కకు కొదవ లేదు. ఈ ఊరు పుట్టకముందే, 1902లో, జంషెట్జీ టాటా తన కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాశారు. వీధులు వెడల్పుగా ఉండాలని, నీడనిచ్చే చెట్లు నాటాలని, వాటిలో ఒకటి విడిచి ఒకటి త్వరగా పెరిగే రకం కావాలని అందులో చెప్పారు. వైశాఖంలో ఈదురుగాలి వీస్తే ఈ ఊరి చెట్ల కొమ్మలు విరిగి పడుతూనే ఉంటాయి. వాటిలో కొన్ని పొయ్యిలోకి, కొన్ని చెత్తలోకి పోతాయి. అదే సమయంలో మనం బడి ప్రాజెక్టు కోసం బజారులో థర్మోకోల్ కొంటాం! ఇది మాకు వింతగా అనిపిస్తోంది.

"ఇలా చెట్లు నరికేస్తారా?" అని కొందరు అడుగుతారు. నరకమని మేము చెప్పడం లేదు. పడిన కొమ్మ, అనుమతి అడిగి తీసుకున్న కొమ్మ చాలు. దల్మా అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా కట్టె తేవడం నేరం. కాలనీలో విరిగిన మామిడి, నేరేడు, పనస మనకు సరిపోతాయి. పచ్చి కొమ్మ ఆరేటప్పుడు చివరల నుంచి పగులుతుంది. అందుకే రెండు చివరలకూ కొవ్వొత్తి మైనం పూసి కొన్ని నెలలు నీడలో ఉంచాలి. ఇంత ఓపిక పట్టినవాళ్లు చెట్టును ఊరికే కొట్టెయ్యరు.

"చేతులు తెగుతాయి" అన్నది పెద్దల భయం. ఆ భయం సరైనదే. అందుకే పక్కన నేర్పే మనిషి ఉండాలి. ఉలి ఎప్పుడూ ఒంటికి దూరంగా నడవాలి. లేత్ దగ్గర కళ్లద్దాలు తప్పనిసరి. వేలాడే బట్టలు, విరబోసిన జుట్టు, చేతి తొడుగులు ఉండకూడదు. సైన్సు ల్యాబులో ఆమ్లాలు ఉన్నాయని ల్యాబు మూసెయ్యలేదు కదా!

"చదువుకునే పిల్లలకు వడ్రంగి పని ఎందుకు?" అన్న మాటను మాత్రం మేము ఒప్పుకోం. చేతిపని తక్కువ పని అనుకోవడం వల్లే ఉలి, బాడిస, చిత్రిక, చేవ లాంటి మాటలు మన నోట్లోంచి జారిపోతున్నాయి. మొక్కై వంగనిది మానై వంగదు. పనిని గౌరవించడం ఇప్పుడే నేర్చుకోవాలి.

ఇందుకు దారి కూడా ఉంది. 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ రోజుల్లో కొన్నింటిని మన ఊరి వడ్రంగి దగ్గర గడపనివ్వమని మా గురువులను కోరుతున్నాం. మొదటి పాఠానికి గమ్హార్ ముక్క మంచిది. తెలుగులో దీన్ని గుమ్మడిటేకు అంటారు. తేలికగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. జార్ఖండ్ రాష్ట్ర వృక్షమైన సాల చాలా గట్టిది. రైలు పట్టాల కింద స్లీపర్లుగా వేసిన కర్ర అది. దాని జోలికి చెయ్యి తిరిగాకే వెళ్లాలి.

మిత్రులారా, ఉన్న ప్రతి ఊరిలో ఒక వస్తువు చేద్దాం. గరిటె అయినా సరే, వంకర బొంగరం అయినా సరే. దాని అడుగున ఊరి పేరు, సంవత్సరం, చెట్టు పేరు తెలుగులోనూ హిందీలోనూ రాద్దాం. పనస, కటహల్. మోదుగ, పలాశ్. పదేళ్ల తరువాత ఎవరైనా "మీది ఏ ఊరు?" అని అడిగితే ఆ వస్తువులన్నీ వరుసగా పెట్టి చూపించవచ్చు.