కదలని బ్రతుకు – ఒక చిన్న పెట్టె



"మా బ్రతుకు ఉన్నచోటే ఆగిపోయింది అయ్యగారూ" అనే మాట కాపరులు తరచుగా వింటారు. మంచం పట్టిన అత్తగారు, నడవలేని బిడ్డ, తీరని అప్పు – ఏదో ఒకటి కాలికి పలుపులా ఉంటుంది. ఆ బాధ చెప్పుకుందామంటే మాటలు రావు. అలాంటివారు జోసెఫ్ కార్నెల్ అనే అమెరికా కళాకారుని సంగతి తెలుసుకోవాలి.

ఆయన 1903లో పుట్టాడు. 1917లో తండ్రి పోయాడు. తమ్ముడు రాబర్ట్‌కు సెరిబ్రల్ పాల్సీ. కాళ్లుచేతులు స్వాధీనంలో ఉండేవి కావు. 1929లో ఆ కుటుంబం న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో ఒక చిన్న ఇంట చేరింది. బట్టల వ్యాపారంలో ఉద్యోగం, తల్లికీ తమ్మునికీ సేవ – ఏళ్లు అలాగే గడిచాయి. పెళ్లి చేసుకోలేదు. విదేశం ముఖం చూడలేదు.

చిత్రలేఖనం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అయితే ఇంట్లోవారు నిద్రపోయాక వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాడు. పాత కొట్లలో ఏరితెచ్చిన దేశపటాలు, నక్షత్రపటాలు, మట్టి పైపులు, గాజు గ్లాసులు, పక్షుల బొమ్మలు చెక్కపెట్టెలో అమర్చి, ముందు అద్దం బిగించేవాడు.

ఆ పెట్టెలలో ఏమున్నదో గమనించండి. తాను ఎన్నడూ బస చేయని ఐరోపా హోటళ్ల పేర్లు, ఎగరలేని పక్షులు. 1945 నాటి ఒక పెట్టె పేరు 'హోటల్ ఏదెను'. లోపల ఒక చిలుక, చుట్టూ వెలిసిన తెల్లరంగు. ఏదెను మనం పోగొట్టుకున్న తోట. హోటల్ ఒక రాత్రి మజిలీ. తన ఆశనూ తన చెరనూ ఆయన ఒక్కచోటే పెట్టినట్లు తోస్తుంది.

1965లో తమ్ముడు, మరుసటి ఏడు తల్లి గతించారు. అప్పుడైనా ఆయన సముద్రం దాటలేదు. 1972లో ఆ ఇంటనే మరణించాడు. కనుక పెట్టె చేస్తే కష్టం తీరుతుందని చెప్పలేము. గాని ఆయన సేవను విడువలేదు, కోరికనూ చంపుకోలేదు. రెంటికీ చోటు చేశాడు. చనిపోయిన ఏడే కూపర్ యూనియన్ అనే కళాశాలలో పిల్లల కోసం ప్రదర్శన జరిగింది. పెట్టెలను పిల్లల కంటికి అందే ఎత్తులో ఉంచారు. దాచుకున్న ఆశ చివరకు పసివారికి ఆనందమైంది.

మీ ఇంట్లో ఖాళీ చెప్పులపెట్టె ఉంటుంది. చిరిగిన చీర అంచు, బస్సు టిక్కెట్టు, పాత శుభలేఖ, మందుల చీటీ, ఎండిన వరికంకి ఏరండి. ఒకవైపు మీలో ఆగిపోయినదానిని, మరొకవైపు మీరు ఎదురుచూస్తున్నదానిని మైదా జిగురుతో అతికించండి. అందంగా ఉండనక్కరలేదు. తరువాత ఇంట్లో ఒక్కరికి చూపండి. లోపల పేరుకున్న బాధ బయటికి దారి లేకపోతే చివరకు మంచం మీదనున్న మనిషిపై కోపంగా పడుతుంది. "ఇదెందుకు పెట్టావమ్మా?" అని వారు అడిగితే, ఎన్నాళ్లుగానో రాని మాట అక్కడ మొదలవుతుంది.