పెద్ద తూటా... చిన్న తూటా!

పిస్టల్‌లో తూటా ఎంత పెద్దదైతే అంత మేలా? అమెరికాలో ఎఫ్‌బీఐకి ఈ లెక్క తేలడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఓ ఏజెంటు పేల్చిన 9 ఎం.ఎం. తూటా దొంగ చేతిలోంచి ఛాతీలోకి దిగినా, గుండెకు అంగుళం దూరంలో ఆగిపోయింది. ఆ గాయంతోనే అతను కాలుస్తూ పోయాడు. లోపం తూటాదేనని అధికారులు తేల్చారు.

దాంతో శక్తిమంతమైన 10 ఎం.ఎం. తూటాకి మారారు. పేల్చినప్పుడు అదిచ్చే కుదుపును తట్టుకోవడం చాలామందికి కష్టమైంది. మధ్యేమార్గంగా 1990లో పాయింట్ 40 తూటా వచ్చింది. పోలీసు శాఖలెన్నో దాన్నే ఎంచుకున్నాయి. దాని కుదుపూ 9 ఎం.ఎం. కన్నా ఎక్కువే!

ఈలోగా 9 ఎం.ఎం. తూటాల తయారీ బాగా మెరుగుపడింది. కావలసినంత లోతుకీ దిగుతున్నాయి. 2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం మళ్లీ వాటికే ఓటేసింది. కుదుపు తక్కువ, పిస్టల్‌లో ఎక్కువ పడతాయి, ఎక్కువమంది వాటితోనే వేగంగా, గురిగా కాల్చగలుగుతున్నారు. నిజమైన ఘటనల్లో పోలీసులు పేల్చే తూటాల్లో నూటికి 70 నుంచి 80 గురి తప్పుతున్నాయన్నదీ ఆ విభాగం చెప్పిన మాటే. నడివీధిలో గురి తప్పిన తూటా ఎవరికి తగులుతుందో ఎవరు చెప్పగలరు?