గొఱ్ఱెపిల్ల కళేబరము – గ్రద్ద నేరము

మంద ఈనిన ఋతువులో, తెల్లవాఱుసరికి గొఱ్ఱెపిల్ల యొకటి బీటిలో చచ్చిపడి యుండగా, దానిపై నల్లని గ్రద్ద కూర్చుండి మాంసమును చీల్చుచుండుట కన్నులార చూచిన యజమానికి, నేరస్థు డెవ్వడో వేఱుగ విచారింపవలసిన పని యుండదు. ఆస్ట్రేలియాలో తరతరములుగా ఈ పక్షిపై జరిగిన విచారణ యింతమాత్రమే. శిక్ష మాత్రము ఘనముగనే అమలు జరిగినది: పశ్చిమ ఆస్ట్రేలియాలో 1928 మొదలు 1968 వఱకు ఇంచుమించు 1,47,000 గ్రద్దలకును, క్వీన్స్‌లాండులో 1951–66 నడుమ అంతకంటె ఎక్కువవాటికిని, తల కింత యని బహుమానములు చెల్లింపబడినవి.

ముద్దాయి పేరు వెడ్జ్ టెయిల్డ్ ఈగిల్. అచ్చటి జనుల నోట 'వెడ్జీ'. ఆ ఖండమున ఇంతకు మించిన వేటపక్షి లేదు. విప్పిన రెక్కలు ఈ కొననుండి ఆ కొనకు రెండు మీటర్లు దాటును. ఆడుపక్షి మగదానికంటె పెద్దదై అయిదు కిలోల దాక తూగగలదు. తోక ఈకలు నడుమ పొడుగై ఇరుప్రక్కలకు క్రమముగా కుఱుచ యగుటచే, ఎంత యెత్తున నున్నను ఆ కోసుతోకనుబట్టియే దీని నానవాలు పట్టవచ్చును. పిల్లతనమున గోధుమవన్నె, ఏండ్లు గడచుకొలది నలుపెక్కును.

దీని ఆహారవిషయము కొంత సావకాశముగా చెప్పుకొనవలసి యున్నది. తగవంతయు అందే యున్నది గదా. 1859లో విక్టోరియాలోని బార్వన్ పార్కున ఒక భూస్వామి వేటవినోదమునకై ఇంగ్లండునుండి తెప్పించి విడిచిన కుందేళ్ళు ఖండమంతయు నల్లుకొని, గొఱ్ఱెలు మేయవలసిన గడ్డిని దుంపనాశనము చేయుచుండగా, ఆ కుందేళ్ళనే పలుచోట్ల ముఖ్యాహారముగా గ్రహించి బ్రతుకుచున్న పక్షిని చంపి తెచ్చినవానికి, గొఱ్ఱెల క్షేమము పేరిట డబ్బిచ్చుటకంటె విడ్డూర మేమున్నది? కుందేలు దొరకనిచోట వాలబీలు, కంగారూ పిల్లలు, ఉడుములు, పక్షులు దీనికి భోజ్యములు. పెద్ద కంగారూను పడగొట్టవలసివచ్చినపుడు కొన్ని గ్రద్దలు కూడి తరుముటయు కలదు. అయితే చచ్చినదానిని తినుట దీనికి నామోషి కాదు. రహదారిపై వాహనము గ్రుద్ది చంపిన జంతువు కనబడెనా, దిగివచ్చును. కడుపునిండ తిన్న పిమ్మట బరువెక్కిన దేహము వెంటనే లేవలేక, రెక్కలు కొట్టుకొని గాలి నందుకొనులోపల మఱియొక లారీ వచ్చి దానిని గూడ బలిగొనును. మెల్బోర్న్, సిడ్నీలనుండి లోనాడులకు కారులలో పోవు మన తెలుగువారు, దారిలో కళేబరముపై నల్లని పక్షి కనబడినచో ముందుగనే వేగము తగ్గింతురు గాక.

మఱి గొఱ్ఱెపిల్లల మాట? బ్రతికినదానిని గూడ అప్పుడప్పుడు చంపుట నిజమే. దీనికి సాధువేషము తొడుగ నక్కఱలేదు. కాని కళేబరములను కోసి చూచి నిజము తేల్చు విధ మెఱుంగదగినది. గోరు దిగిన గాయముచుట్టు తోలుక్రింద నెత్తురు కమిలియున్నచో, గ్రద్ద పట్టునప్పటికి గుండె కొట్టుకొనుచున్నదన్నమాట. గాయమున్నను కమిలిక లేకున్నచో, పట్టినది పీనుగునే. గిట్టల అడుగున పుట్టువునాటి మెత్తని పొర అరుగక యున్నచో ఆ పిల్ల లేచి నడువనే లేదు. కడుపున పాలు లేకున్నచో తల్లి పొదుగు ఎఱుగదు. ఇట్టి పరీక్షలవలన తేలినదేమన, గ్రద్దలు తినిన పిల్లలలో పెక్కు అంతకుముందే చచ్చినవి, కాకున్న చావనున్నవి.

నేడు దేశమంతట ఈ పక్షికి చట్టరక్షణ కలదు. అయినను 2018లో, విక్టోరియా తూర్పుమూల గిప్స్‌లాండ్ ప్రాంతమున పొదలలో దాచిన కళేబరములు బయటపడగా, 406 గ్రద్దలకు విషము పెట్టి చంపితినని ఒక వ్యవసాయ కూలీ ఒప్పుకొనెను. అతనికి పడినది 14 దినముల చెఱ, 2,500 డాలర్ల జుల్మానా. లెక్క వేసినచో గ్రద్ద కొక గంటయైన పడలేదు. ఆ విక్టోరియాలోనే కూలిన్ ఆదివాసి జాతులవారు, లోకమును మనుష్యులను సృజించిన బుంజిల్‌ను ఈ గ్రద్దరూపమున భావింతురు.

ప్రధాన భూభాగమున ఈ జాతికి ఇప్పుడంత లోటు లేదు. నా దిగులంతయు టాస్మానియా గుఱించి. డేవిడ్ ఫ్లే యను ప్రకృతిశాస్త్రజ్ఞుని పేరు ధరించిన అచ్చటి ఉపజాతి అంతరించు ప్రమాదమున నున్నది. గాలి తగులని కొండవాలులయందు ముదిరిన యూకలిప్టస్ మహావృక్షములనే వరించి, ఏటేట పుల్లలు పేర్చి, పచ్చని ఆకులు పఱచి గూడు నిలుపుకొనును. పొదుగు కాలమున రంపపుమోత యైనను, హెలికాప్టరు రొద యైనను సోకెనా, గ్రుడ్లను పిల్లలను విడిచిపోవుట కలదు. అందుచేతనే గూటిచుట్టు కనీసము 10 హెక్టార్ల అడవి నఱుకక విడువవలెననియు, జూలైనుండి జనవరివఱకు దాపున పనులు కూడవనియు నియమము లేర్పఱచినారు. అది చాలకున్నది. విద్యుత్తీగలు తగిలి కొన్ని, గాలిమరల రెక్కలు తగిలి కొన్ని చచ్చుచున్నవి. బొగ్గుపొగకంటె గాలివిద్యుత్తు మేలని నేనును ఒప్పుకొందును. అచ్చటి కాటిల్ హిల్ గాలిమరల క్షేత్రమున కెమెరాలచే గ్రద్ద రాకను పసిగట్టి మర నాపివేయు సాధనము నెలకొల్పినారు. ఇట్టి యుపాయ ముండగా, పక్షి చచ్చిన పిమ్మట మఱియొకచోట గూటిచెట్టును కాపాడి సరిపుత్తుమనుట నాకు సమ్మతము కాదు. గూడున్న లోయల దాపున మరలు నిలుపుటకు అనుమతియే ఈయరాదు.